బడిలో వాలెంటైన్లు, ముదిగుబ్బ చెనిక్కాయలు

ఫిబ్రవరి 14 దగ్గరపడిందంటే మన టీవీ వాళ్ళకి రెండే రెండు బొమ్మలు దొరుకుతాయి. ఒకటి, పార్కుల్లో జంటల్ని తరిమే కార్యకర్తలు. రెండు, గులాబీల రేటు పెరిగిందని చెప్పే పూలకొట్టు ఆయన. 2009లో మంగళూరు పబ్బు మీద దాడి తర్వాత గులాబీ రంగు లోదుస్తులు పోస్టులో పంపి నిరసన తెలపడం చూశాం. 2023లో జంతు సంక్షేమ బోర్డు వాళ్ళు ఆ రోజున ఆవుని కౌగిలించుకోండని ఫిబ్రవరి 6న పిలుపిచ్చి, 10న వెనక్కి తీసుకోవడం కూడా చూశాం. అనుకూలం, వ్యతిరేకం, సంస్కృతి, మార్కెట్టు... అన్నీ చర్చించేశాం. నేను చెప్పబోయేది మాత్రం ఈ చర్చల్లో ఎక్కడా కనపడని విషయం. అమెరికాలో రెండో క్లాసో, మూడో క్లాసో చదివే మన పిల్లలు ఆ రోజు బడికి పట్టుకెళ్ళే కార్డుల సంగతి.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇక్కడి ఎలిమెంటరీ స్కూళ్ళలో చాలాచోట్ల ఫిబ్రవరి మొదట్లో టీచరు నుంచి ఒక కాగితం వస్తుంది. క్లాసులో పిల్లల పేర్లన్నీ అందులో ఉంటాయి. మీ పిల్లవాడు కార్డులు తెస్తే అందరికీ తేవాలి, లేదంటే ఎవరికీ వద్దు అని కింద ఒక గీత. క్లాసులో 24 మంది ఉంటే ఒక్కొక్కరు 23 మందికి ఇవ్వాలి. మొత్తం 24 × 23 = 552 కార్డులు. మన భాషలో చెప్పాలంటే ఆర్డర్ ఆఫ్ ఎన్ స్క్వేర్ :-) ఆ 552లో మీ వాటా 23. పదమూడో తారీకు రాత్రి పదింటికి, పిల్ల నిద్రపోయాక, ఆ 23 కార్డుల మీద పేర్లు రాస్తూ కూర్చునేది సాధారణంగా ఎవరంటారు? అమ్మే. నాన్న ప్రొడక్షన్ ఇష్యూ చూస్తున్నాడు కదా!

ఇంతకీ ఈ తంతు ఎక్కడ మొదలైంది? నాకు ఏదైనా చిరాకు పుట్టిస్తే దాని వెనకున్న చరిత్ర తవ్వే అలవాటుంది. కోడ్‌లో బగ్గు కనపడితే పాత వెర్షన్లన్నీ తిరగేసినట్టు.

వాలెంటైన్ అనే సెయింటు మూడో శతాబ్దం వాడంటారు. ఆయన గురించి గట్టి ఆధారాలు తక్కువ కాబట్టే 1969లో కేథలిక్ చర్చి తన సార్వత్రిక కేలండర్ నుంచి ఆ పండగని తీసేసింది. దీన్ని ప్రేమతో ముడిపెట్టింది పధ్నాలుగో శతాబ్దం చివర్లో ఛాసర్ లాంటి ఆంగ్ల కవులు. ఆ రోజు పక్షులు జతల్ని వెతుక్కుంటాయన్న ఊహ వాళ్ళది. ఇంతవరకు చాలామందికి తెలిసే ఉంటుంది. నాకు భలే నచ్చింది ఆ తర్వాతి ముక్క. ఇంగ్లీషులో మనకి దొరికిన వాటిలో అతి పాత వాలెంటైన్ ఉత్తరం 1477 ఫిబ్రవరి నాటిది. మార్జరీ బ్రూస్ అనే అమ్మాయి తనకి కాబోయే భర్త జాన్ పాస్టన్‌కి గుమాస్తా చేత రాయించింది. అందులో విషయం ఏంటో తెలుసా? కట్నం! వాళ్ళ నాన్న ఇస్తానన్న దానికన్నా పైసా పెంచనంటున్నాడు, నిజంగా నా మీద ప్రేముంటే నువ్వు అందుకోసం నన్ను వదిలెయ్యవు కదా అని ఆ పిల్ల బాధ. చివరికి పెళ్ళయింది లెండి. ఈ పండగ మన సంస్కృతికి పనికిరాదనేవాళ్ళు ఈ ఉత్తరం ఒక్కసారి చదవాలి. ఇంతకన్నా మన కథ ఇంకేం కావాలి?

తర్వాతి మలుపు పోస్టాఫీసుది. 1840కి ముందు ఇంగ్లండులో ఉత్తరం ఖర్చు దూరాన్ని బట్టి, కాగితాల లెక్కని బట్టి ఉండేది. చాలాసార్లు అందుకున్నవాడే కట్టుకోవాలి. 1840లో రోలండ్ హిల్ సంస్కరణతో దేశంలో ఎక్కడికైనా పంపేవాడు ముందే కడితే అర ఔన్సు ఉత్తరానికి ఒక్క పెన్నీ చాలు అయింది. దాంతో వాలెంటైన్లు వరదలా పారాయి. ప్రేమ లేఖలే కాదు, పేరు రాయకుండా తిడుతూ పంపే బొమ్మల కార్డులు కూడా. వాటిని వెనిగర్ వాలెంటైన్లు అనేవారు. ఈరోజు సోషల్ మీడియాలో ఫేక్ ఐడీతో కామెంటు పెట్టేవాడి ముత్తాత అన్నమాట. ఖర్చు తగ్గితే ప్రేమా పెరుగుతుంది, ద్వేషమూ పెరుగుతుంది. మన ఫీల్డులో ఉన్నవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

అమెరికాలో దీన్ని వ్యాపారం చేసింది ఎస్తర్ హౌలండ్. మసాచుసెట్స్‌లోని వూస్టర్ వాళ్ళమ్మాయి, 1847లో మౌంట్ హోల్యోక్‌లో చదువు పూర్తి చేసింది. ఇంగ్లండు నుంచి వచ్చిన ఒక లేసు కార్డు చూసి, ఇంతకన్నా బాగా నేను చెయ్యగలను అనుకుంది. వాళ్ళ నాన్నది స్టేషనరీ కొట్టు. ఆమె చేసిన నమూనాలు పట్టుకుని అన్నయ్య ఊళ్ళు తిరగడానికి వెళ్ళాడు. 200 డాలర్ల ఆర్డర్లు వస్తే చాలనుకుంటే 5000 డాలర్లకి వచ్చాయని చెప్తారు. ఆమె స్నేహితురాళ్ళని పిలిచి ఇంట్లోనే ఒక వరస ఏర్పాటు చేసింది. ఒకరు కాగితం కత్తిరిస్తారు, ఒకరు లేసు అంటిస్తారు, ఇంకొకరు బొమ్మ అతికిస్తారు. ఫోర్డు కార్ల అసెంబ్లీ లైనుకి అరవై ఏళ్ళ ముందే ప్రేమకి అసెంబ్లీ లైను! ఇంతా చేసి ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. 1880 దశకం మొదట్లో వ్యాపారాన్ని జార్జ్ విట్నీ అనే ఆయనకి అమ్మేసింది. ఆ కంపెనీ 1942లో యుద్ధకాలపు కాగితం కరువులో మూతపడింది.

ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి కార్డులు చవకయ్యాయి. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు జర్మనీ నుంచి అచ్చయి వచ్చేవి, తర్వాత అమెరికన్ కంపెనీలే ఒక్కో పెన్నీకి దొరికేవి అచ్చేశాయి. పెన్నీకి దొరికితే పిల్లల చేతికొస్తాయి కదా. అలా బళ్ళలోకి వచ్చింది వాలెంటైన్ డబ్బా. రంగు కాగితాలు అంటించిన ఒక అట్టపెట్టె, పైన చీలిక. పిల్లలు కార్డులు అందులో వేస్తారు, టీచరు ఒక్కొక్క పేరే పిలిచి పంచుతుంది.

ఇక్కడే అసలు ముల్లు ఉంది. పేరు పిలిచి పంచితే ఎవరికెన్ని వచ్చాయో అందరికీ తెలిసిపోతుంది. ముద్దుగా ఉన్న పిల్లకి ఇరవై, మూలన కూర్చునే పిల్లవాడికి సున్నా. చార్లెస్ షుల్జ్ గీసిన చార్లీ బ్రౌన్ అనే పిల్లవాడి కథ చాలామంది చూసే ఉంటారు. 1975లో దాని మీద ఒక వాలెంటైన్ టీవీ షో వచ్చింది. వచ్చే కార్డులు పట్టాలని ఆ పిల్లవాడు బడికి పెట్టె తెచ్చుకుంటాడు. ఒక్కటీ రాదు. మర్నాడు ఒకమ్మాయి తనకొచ్చిన పాత కార్డు మీద పేరు చెరిపి తెచ్చిస్తే, అది వాడేసిందని తెలిసీ సంబరంగా తీసుకుంటాడు. ఆ షో చూసిన జనం చార్లీ బ్రౌన్ పేరు మీద నిజంగానే కార్డులు పంపారు. బొమ్మకి! అంటే ఆ సున్నా ఎంతమంది సొంత సున్నాని గుర్తు చేసిందో చూడండి. ఇస్తే అందరికీ, లేదంటే ఎవరికీ వద్దు అన్న నియమం వెనకున్నది ఇదే. మనకి చాదస్తంలా కనపడే ఆ ఒక్క గీత, ఏ పిల్లవాడూ ఖాళీ చేతుల్తో ఇంటికి పోకూడదని పెట్టింది.

ఇప్పుడు మన వైపు చూద్దాం. మాది ముదిగుబ్బ. ధర్మవరం - పాకాల రైలు దారిలో వచ్చే స్టేషను, అనంతపురం నుంచి కదిరి పోయే రోడ్డు మీద ఊరు. ఒకప్పటి అనంతపురం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. మా చిన్నప్పుడు వాలెంటైన్ అన్న మాటే వినలేదు. 1999లో 'ప్రేమికుల రోజు' అని డబ్బింగు సినిమా వచ్చాక అదేదో ఉందని చాలామందికి తెలిసింది. కానీ కార్డులు మాకు కొత్త కాదు. జనవరి ఒకటో తారీకు గ్రీటింగులు గుర్తున్నాయా? డిసెంబరు చివర్లో ఫ్యాన్సీ కొట్ల ముందు తాళ్ళకి క్లిప్పులు పెట్టి వేలాడదీసేవాళ్ళు. సూర్యోదయాలు, స్విట్జర్లాండు ఇళ్ళు, చిరంజీవి బొమ్మలు. దూరం వాళ్ళకైతే కవరు అంటించకుండా మడత లోపలికి దోపి, పైన 'బుక్ పోస్ట్' అని రాస్తే తక్కువ స్టాంపుతో పోయేది. అంతకన్నా తొందరైతే టెలిగ్రాం. గ్రీటింగు వాక్యాలకి నంబర్లుండేవి, నంబరు చెప్తే అవతల ఆ వాక్యం టైపయ్యేది. తీగ మీద నంబరు, అవతల అర్థం... కోడులో ఈనమ్ కాక మరేంటది? ఆ టెలిగ్రాం 2013 జులైలో పోయింది. గ్రీటింగు కార్డుల్ని అంతకుముందే ఎస్సెమ్మెస్సులు మింగేశాయి. పండగ రోజుల్లో మాత్రం ఫ్రీ మెసేజీలు పనిచెయ్యవని సెల్ కంపెనీలు రూలు పెట్టేవి, దానికి బ్లాకౌట్ డే అని పేరు. జనవరి 1తో పాటు ఫిబ్రవరి 14 కూడా ఆ లిస్టులో ఉండేది. వ్యాపారస్తుడి కళ్ళకి ఆ రెండు పండగలూ ఒకటే.

నేను చదివిన బడిలో కూడా ఆ సున్నా సమస్య ఉండేది. క్లాసు లీడరుకి నోటుబుక్కంత మందాన గ్రీటింగులు. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే పొలం పనికి పోయే పిల్లవాడికి ఒక్కటీ రాదు, వాడు ఎవరికీ ఇవ్వడు. అర్ధరూపాయి పెట్టి కార్డు కొనే స్థోమతలో తేడా అది. ఒక్క పుట్టినరోజు చాక్లెట్ల దగ్గర మాత్రం వేరే పద్ధతి నడిచేది. కొత్త గుడ్డలేసుకున్న పిల్ల డబ్బా పట్టుకుని బెంచీ బెంచీకీ వస్తుంది. అందరికీ ఒక్కోటి, టీచరుకి రెండు. నచ్చనివాడి బెంచీ దాటేసి పోవడం ఎక్కడా లేదు. ఏ సర్క్యులరూ లేకుండానే 'అందరికీ' అన్న నియమం అక్కడ అమలయ్యేది.

అది ఎక్కడి నుంచి వచ్చిందో కాస్త ఆలోచిస్తే నాకు మన పేరంటం గుర్తొచ్చింది. పేరంటానికి పిలిచాక వచ్చిన ప్రతి ముత్తైదువకీ అదే తాంబూలం. రెండు ఆకులు, వక్క, పండు, గుప్పెడు నానబెట్టిన శనగలు. జడ్జిగారి భార్యకి ఒక రకం, పక్కింటావిడకి ఒక రకం ఇస్తే అది పేరంటం కాదు, అవమానం. వాయనం ఇచ్చేటప్పుడు ఇచ్చానని ఒకరు, పుచ్చుకున్నానని ఒకరు పైకి చెప్తారు. నెట్‌వర్కింగ్ చదువుకున్నవాళ్ళకి అది అక్నాలెడ్జ్‌మెంట్ అని వేరే చెప్పాలా? దీనికి పూర్తి వ్యతిరేకం పెళ్ళిలో చదివింపులు. ఎవరు ఎంత పెట్టారో మైకులో చదివి, పుస్తకంలో రాసి, రేపు వాళ్ళింట్లో పెళ్ళికి లెక్క చూసి తిరిగి పెట్టాలి. అక్కడ మొత్తమే ముఖ్యం.

నా వాదన ఇంతే. క్లాసులో వాలెంటైన్ అంటే ప్రేమలేఖ కాదు, పేరంటం. దాన్ని చదివింపుల్లాగా మార్చుకున్న చోటే తల్లిదండ్రులకి ప్రాణం మీదికొస్తోంది.

ఎలా మారిందంటారా? మొదట కార్డుకి ఒక మిఠాయి తోడైంది. గుండె ఆకారంలో చిన్న మాటలు అచ్చేసిన చక్కెర బిళ్ళలు ఇక్కడ చాలా పాతవి. మిఠాయి మీద మాటలు అచ్చేసే పద్ధతి 1866 నాటిది, గుండె ఆకారం 1902లో వచ్చింది. వాటిని చేసే నెక్కో కంపెనీ 2018లో మూతపడితే, 2019లో ఆ బిళ్ళలు దొరక్క జనం గోల పెట్టారు. మరుసటేడు ఇంకో కంపెనీ మళ్ళీ మొదలెట్టింది. బిళ్ళ తర్వాత బొమ్మ, బొమ్మ తర్వాత చిన్న సంచీ. 2010లో పింటరెస్ట్ వచ్చాక సొంతంగా చేసిన కార్డుల ఫొటోలు మొదలయ్యాయి. ఒకావిడ గుడ్లగూబ ఆకారంలో కత్తిరిస్తే ఇంకొకావిడ రాకెట్టు చేస్తుంది. పిల్ల చేసిన కార్డు వంకరగా ఉంటుంది కాబట్టి అమ్మ మళ్ళీ చేస్తుంది. అప్పుడది ఎవరి కార్డు? పిల్లదా, అమ్మదా?

ఇక రెండో తలనొప్పి మా ఊరి వాణ్ణి కాబట్టి నాకు మరీ గుచ్చుకునేది. టీచరు కాగితంలో ఇంకో గీత ఉంటుంది, లావు అక్షరాల్లో. వేరుశనగ ఉన్నవి ఏవీ తేవద్దు.

అనంతపురం జిల్లా అంటేనే వేరుశనగ. మేం చెనిక్కాయలంటాం. వాన అంతంతమాత్రంగా పడే నేలలో తరాల తరబడి అదే పంట. పొరుగున కదిరి పరిశోధనా కేంద్రం నుంచి కదిరి-6, కదిరి లేపాక్షి లాంటి రకాలు వచ్చాయి. దానికి ముందు మా పెద్దవాళ్ళు దశాబ్దాల పాటు టీఎంవీ-2 వేశారు. మా చదువులు, అక్కల పెళ్ళిళ్ళు, నేను ఎక్కిన మొదటి విమానం టికెట్టు... అన్నిటి వెనకా ఆ కాయే ఉంది. వీడియో కాల్లో ఈ నియమం చెప్తే మా అమ్మ కాసేపు మాట్లాడలేదు. "చెనిక్కాయ ఉండలు పంచొద్దంటే అదేం బడిరా నాయనా? మనం తిని బతికింది అవేగదా!" అంది. నేనేం చెప్పను?

ఆమెకి చెప్పిందే ఇక్కడా చెప్తాను. ఇది చాదస్తం కాదమ్మా. కొంతమంది పిల్లలకి ఒక పలుకు లోపలికి పోతే గొంతు వాచి ఊపిరాడదు, నిమిషాల్లో ఇంజెక్షను ఇవ్వకపోతే ప్రాణం పోవచ్చు. అమెరికాలో జరిపిన ఫోన్ సర్వేల్లో వేరుశనగ ఎలర్జీ ఉన్న పిల్లలు 1997లో 0.4 శాతం ఉంటే 2008 నాటికి 1.4 శాతమయ్యారు. 2006 నుంచి అమ్మే తిండి పొట్లాల మీద వేరుశనగతో సహా ఎనిమిది పదార్థాల పేర్లు స్పష్టంగా రాయాలని చట్టం అమల్లోకి వచ్చింది. 2023 నుంచి నువ్వులూ ఆ జాబితాలో చేరాయి. చెనిక్కాయ ఉండ పోయింది, నువ్వుండా పోయింది :-(

దీంట్లో ఒక చేదు మలుపు కూడా ఉంది. ఎలర్జీ వచ్చే అవకాశం ఎక్కువున్న పిల్లలకి మూడేళ్ళ దాకా వేరుశనగ పెట్టొద్దని 2000లో అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం సలహా ఇచ్చింది. 2008లో దానికి తగిన ఆధారం లేదని వెనక్కి తీసుకుంది. 2015లో లండన్‌లో గిడియన్ లాక్ బృందం 640 మంది పసిపిల్లల మీద చేసిన అధ్యయనం వచ్చింది. చర్మ పరీక్షలో ఎలర్జీ కనపడని పిల్లల్లో, వేరుశనగకి దూరంగా ఉంచినవాళ్ళకి ఐదేళ్ళ వయసుకి 13.7 శాతం మందికి ఎలర్జీ వస్తే, చిన్నప్పట్నుంచీ తినిపించినవాళ్ళలో 1.9 శాతానికే వచ్చింది. 2017లో అమెరికా మార్గదర్శకాలు తలకిందులయ్యాయి. పళ్ళు రాకముందే మనవరాలి నాలిక్కి చెనిక్కాయ చట్నీ రాసే మా ఊరి అవ్వల పద్ధతికి ఇది దగ్గరగానే ఉంది. (పసివాళ్ళకి పలుకులు పెట్టకండి, గొంతుకి అడ్డం పడతాయి. ఎగ్జిమా, ఎలర్జీలున్న పిల్లలైతే డాక్టర్ని అడగందే మొదలెట్టకండి.) అయితే ఇది రాబోయే పిల్లల సంగతి. ఇప్పటికే ఎలర్జీ ఉండి మీ పాప పక్క బెంచీలో కూర్చున్న పిల్లకి ఆ అధ్యయనం ఏమీ చెయ్యదు. ఆ పిల్లకి కావలసింది మనం ఆ గీత పాటించడమే. పేరంటంలో తాంబూలం అందరూ పుచ్చుకోగలిగేదే అయ్యుండాలి కదా.

కాబట్టి మా ఇంట్లో మేం పెట్టుకున్న పద్ధతి ఇది. నచ్చితే వాడుకోండి.

తినేవి అసలు వద్దు. తినేది లేకపోతే లేబుల్ చదివే పని లేదు, ఎవరికీ భయం లేదు. మరీ ఏదో ఒకటి ఇవ్వాలనిపిస్తే పెన్సిలు చాలు.

కొట్లో దొరికే డబ్బా కార్డులు సిగ్గుపడాల్సినవి కావు. ఎస్తర్ హౌలండ్ కాలం నుంచి ఇది అచ్చు సరుకే.

'ఎవరికి' అన్న చోట ఖాళీ వదిలెయ్యండి. 'ఎవరి నుంచి' అన్న చోట పిల్ల తన పేరు రాస్తే చాలు. చాలామంది టీచర్లు ఇదే అడుగుతారు, ఎందుకంటే చిన్నపిల్లలు పేర్లు వెతుక్కుంటూ పంచితే గంట పడుతుంది. ఇరవై మూడు కార్డులకీ మ్యాపింగు పోయింది, బ్రాడ్‌కాస్ట్ అయింది. ఒకటి రెండు ఎక్కువ పెట్టండి, కొత్తగా చేరిన పిల్ల ఉంటే పనికొస్తాయి.

రాసేది పిల్లే రాయాలి. రోజుకి ఐదు చొప్పున ఐదు రోజులు. అక్షరం వంకరైతే వంకరే. మా పాప పోయినసారి తన పేరు ఇంగ్లీషులో రాసి, కింద తెలుగులో కూడా రాసింది. ఎవరూ చెప్పలేదు. క్లాసులో పిల్లలు ఆ గుండ్రటి అక్షరాలు చూసి, తమ పేర్లు కూడా అలా రాసిమ్మని దాని చుట్టూ మూగారట. పింటరెస్టులో వెతికినా దొరకని కార్డు అది.

ఆఖరిది, నాన్నలకి. వారం ముందే కేలండర్లో పెట్టుకుని మీరు కూర్చోండి పిల్లతో. స్టాండప్ మీటింగుకి పెట్టే పదిహేను నిమిషాలు దీనికీ పెట్టొచ్చు.

ఈ పండగ మనది కాదు, మనకెందుకీ గోల అనే మిత్రులకి ఒక్క మాట. మీరు వద్దనుకుంటే మానెయ్యండి, ఆ కాగితంలోనే ఆ వీలుంది. కానీ పిల్ల వెళ్ళి కూర్చునే క్లాసులో ఆ రోజు జరిగేది ప్రేమ వ్యవహారం కాదు. క్లాసులో ప్రతి పిల్లకీ, నచ్చినా నచ్చకపోయినా, ఒకే కాగితం ముక్క చేతికిచ్చి నువ్వూ మాలో ఒకదానివే అని చెప్పడం. నాకు తెలిసి మన ఊళ్ళలో పొలానికి పోయే ఆ పిల్లవాడికి ఈ మాట ఎవరూ కార్డు మీద రాసివ్వలేదు. ఇక్కడ మన పిల్లలు ఏడాదికొకసారి ఇరవై మూడు మందికి రాస్తున్నారు. దాన్ని అంత తేలిగ్గానే ఉండనిద్దాం.

మీ పిల్లల బడిలో ఎలా నడుస్తోంది? ఇంకా సులువైన పద్ధతులుంటే చెప్పండి, వచ్చే ఫిబ్రవరికి పనికొస్తాయి.